నడకల టీచరు

మా దీవిలోని మొగ్‌పోగ్ ఊళ్ళో రొసెండా టీచరుకు పేర్లు గుర్తుండవు. ముప్ఫై అయిదేళ్ళుగా పాఠాలు చెబుతోంది, హాజరు పట్టీ చూడకుండా ఒక్కడి పేరూ సరిగ్గా పలకదు. నడక మాత్రం ఒకసారి చూసిందా, ఇక చచ్చేదాకా మరవదు. బజారులో చేపలు బేరమాడుతూ, వెనక చెప్పుల చప్పుడు విని, తల తిప్పకుండానే "ఏరా, ఇంకా మడమ ఈడుస్తూనే ఉన్నావా? పెళ్ళాం బిడ్డలొచ్చినా బుద్ధి రాలేదా?" అంటుంది. వెనకున్నవాడు ఇరవయ్యేళ్ళ కిందట ఆమె దగ్గర ఏడో తరగతి చదివినవాడు. గతుక్కుమని మడమ ఎత్తి నాలుగడుగులు బుద్ధిగా వేస్తాడు. సందు తిరగ్గానే మళ్ళీ ఈడుస్తాడు.

ఆమె చెప్పే సబ్జెక్టుకు బళ్ళో పెద్ద మర్యాద లేదు. పాట, బొమ్మలు, ఆటలు, ఆరోగ్యం, నాలుగూ కలిపి ఒకే పుస్తకం, ఒకే టీచరు. లెక్కల మాస్టారికి సిలబస్సు మిగిలిపోతే ముందుగా కన్నుపడేది ఈ పీరియడు మీదే. "మీదేముందండీ, గంతులే కదా, ఈ పూటకు నాకిచ్చెయ్యండి" అంటాడు. "గంతులే సార్. మీరు ఒంటికాలి మీద పది గంతులు వెయ్యండి, ఏడాదంతా ఇచ్చేస్తాను" అంటుంది ఈవిడ. ఆయన పొట్ట నిమురుకుని తన దారిన తాను పోతాడు.

ఆ ఏడు మట్టలాదివారానికి ముందు శుక్రవారం ఆమె పండగల పాఠం చెప్పింది. దేవుడి పేరున చేసేవేవి, పంట పేరున చేసేవేవి, ఏ దీవిలో ఏ పండగ, అవన్నీ పావుగంటలో బోర్డు మీద గీకేసి పిల్లల్ని ఎండలోకి తోలింది. "పండగంటే ఏమిటి? నడవాలి, గెంతాలి, తిరగాలి, వంగాలి. ఇవి రానివాడు ఏ పండగలోనూ పనికిరాడు, జెండా మోయడానికి తప్ప. పదండి." ఆవరణ చుట్టూ మూడుసార్లు పరిగెత్తించి, "ఇప్పుడు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టండి" అంది.

"టీచర్, నాకు కొట్టుకోవడం లేదు" అన్నాడొకడు.

"అయితే పోయావన్నమాట. వెళ్ళి నీడలో పడుకో, సాయంత్రం గంట కొట్టించి పాతిపెడతాం."

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులోనే మైలీన్ అనే గడుగ్గాయి సందు చూసుకుని అడిగేసింది. "టీచర్, మోరియన్ వేషంలో ఉన్నా మీరు నడక చూసి చెప్పేస్తారంట కదా? మా నాన్న ఈసారి ఏ రంగు తురాయో చెప్పండి టీచర్, ప్లీజ్. మా అమ్మకు కూడా చెప్పడంలేదు."

రొసెండా మొహం మారిపోయింది. "మొక్కుకున్నది మీ నాన్న, వినేది దేవుడు. మధ్యలో నేనెవరినే, నువ్వెవరివి? ఇంకో రెండు చుట్లు పరిగెత్తు" అంది. ఆ పిల్ల గొణుక్కుంటూ పరిగెత్తింది.

పవిత్ర వారం వచ్చిందంటే మా ఊళ్ళో సగంమంది మగాళ్ళు మోరియన్లు, అంటే రోమన్ సైనికులైపోతారు. ఒంటికన్ను సైనికుడు క్రీస్తును బల్లెంతో పొడిస్తే ఆ రక్తపు చుక్క పడి అతనికి చూపు వచ్చిందని కదా కథ. ఆ సైనికుడి పేరున మొక్కుకుంటారు. తలకు చెక్క మొహం, పైన కాగితం పూల తురాయి, మెడనుంచి మడమలదాకా బట్ట, చేతులకు తొడుగులు. సోమవారం మొదలు ఈస్టరు దాకా మలమల మాడే ఎండలో తిరుగుతారు. లోపలున్నది ఎవరో పక్కింటివాడికే కాదు, పక్కలో పడుకునే పెళ్ళానికి కూడా తెలియకూడదు. నోరు విప్పకూడదు. ఎవరైనా పేరుపెట్టి పిలిచారా, మొక్కు చెడినట్టే.

రొసెండాకు ఏ చెక్క మొహమూ అడ్డం కాదు. వీధి చివర కనబడగానే వీడు మంగలి, వీడు చర్చి గంట కొట్టేవాడు, ఆ వంగి నడిచేది పోస్టుమాస్టరు అని తెలిసిపోతుంది. తెలిసినా పెదవి విప్పదు. ఎంత బతిమాలినా చెప్పదు. ఒకప్పుడు చెప్పింది. ఒక్కసారే చెప్పింది.

అప్పటికామెకు ఇరవై నాలుగేళ్ళు. కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఒంటినిండా పొగరు. మనిషి ఎలా అడుగు వేస్తాడు, బరువు ఎక్కడ ఆన్చుతాడు అని ట్రైనింగ్ కాలేజీలో నేర్చుకున్న చదువంతా ఎవరిమీద చూపించాలా అని చూస్తోంది. వాళ్ళ నాన్న చర్చిలో క్రీస్తు శ్రమల పాట నడిపించే పెద్ద. ఒట్టి కోపిష్టి. గుడ్ ఫ్రైడే నాడు పాటలో కూర్చోవలసిన కొడుకు ఎతోంగ్ జ్వరమని ఇంట్లో పడుకున్నాడు. ఇంటికి మనిషిని పంపిస్తే మంచం ఖాళీగా ఉంది. చర్చి ముందు నిలబడి ఆయన పళ్ళు కొరుకుతుంటే, పక్కనే ఉన్న రొసెండా నలుగురూ వినేలా నవ్వుతూ, "అదుగో నాన్నా, ఎర్ర తురాయివాడు. నూరుమందిలో ఉన్నా ఆ కాలు నాకు తెలుసు" అంది.

తెలియకేం? ఆ నడక ఆమె చేతుల్లోనే పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడు ఎతోంగ్ పనసచెట్టు మీదనుంచి పడి కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎముక వంకరగా అతికింది. పదకొండేళ్ళ అక్క రోజూ సాయంత్రం వాణ్ణి పెరట్లో చెయ్యిపట్టి నడిపించింది. ఏడిస్తే తిట్టింది, పడితే లేపింది. చివరికి వాడు కుడిపాదం బయటి అంచు మీద మోపి, మడమ కాస్త ఆలస్యంగా దించుతూ, తన లెక్కలో తాను నడవడం నేర్చుకున్నాడు. రొసెండాకు మొదటి విద్యార్థి వాడే.

నాన్న జనంలోకి చొరబడి ఎర్ర తురాయివాడి చెక్క మొహం ఊడబీకాడు. ఊరంతా చూసింది. ఎతోంగ్ చెమటతో తడిసి, కళ్ళు చికిలించుకుని నిలబడ్డాడు. "అమ్మ కంటికోసం మొక్కుకున్నాను నాన్నా. ఏడేళ్ళ మొక్కు. ఇది మూడోది" అన్నాడు. అంతే అన్నాడు. అక్కవైపు ఒకసారి చూశాడు. మర్నాడు పొద్దున్నే బలనకాన్ రేవులో లుసేనా ఊరికి పోయే పడవెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

రెండేళ్ళకు అమ్మకు ఎడమకన్ను పోయింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందన్నారు డాక్టర్లు. కళ్ళ ఆరోగ్యం పాఠం వచ్చినప్పుడు రొసెండా ఆ జబ్బు గురించి బల్ల గుద్ది చెబుతుంది. "ఇది రోగం. ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. రాసుకోండి." పిల్లలు రాసుకుంటారు. ఆవిడే ఇంతవరకు నమ్మలేదు.

తమ్ముడు వెళ్ళిన మూడో ఏడు, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, వాళ్ళింటి ముందు ఒక మోరియన్ ఆగాడు. నీలం తురాయి. చెక్క కత్తితో గేటుమీద మూడుసార్లు కొట్టాడు. రొసెండా వరండాలో బియ్యం ఏరుతోంది. చప్పుడుకు తలెత్తలేదు, మళ్ళీ అడుగు వేసినప్పుడు ఎత్తింది. కుడిపాదం బయటి అంచు మీద పడింది. మడమ ఆలస్యంగా దిగింది. ఒళ్ళో చేట కిందపడి బియ్యం వరండా అంతా చిందాయి.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఒకసారి మొక్కు చెడగొట్టిన నోరది, రెండోసారి తెరిస్తే వాడు ఇక జన్మలో రాడు. లోపలికి పరిగెత్తి కూజాతో నీళ్ళు తెచ్చి గేటు స్తంభం మీద పెట్టింది. అతను వెనక్కి తిరిగి, చెక్క మొహం కాస్త పైకెత్తి, గటగటా తాగి, కూజా పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఆనాటినుంచి ప్రతి గుడ్ ఫ్రైడే అదే తంతు. కూజాలో నీళ్ళు, పక్కన సీసాలో అల్లం కషాయం, అరటాకులో పాలగుండ బిస్కెట్లు. సైనికుడు నీళ్ళు తాగుతాడు, బిస్కెట్లు జేబులో పోసుకుంటాడు. రొసెండా గేటుకు ఇవతల నిలబడి మాట్లాడుతుంది. ఎవరితోనో కాదు, సైనికుడితో. "ఏం సైనికుడా, ఎండ మండిపోతోందా? ఈ ఏడు ఈ ఇంటి పెద్దాయన పోయాడు. చివర్లో ఎవర్నో పిలవబోయాడు గానీ నోరు తిరగలేదు." చెక్క మొహం తల ఊపుతుంది. అమ్మ బతికున్నన్నాళ్ళూ తడుముకుంటూ వచ్చి, ఆ చెక్క బుగ్గలు రెండుచేతులా నిమిరి, "ఎవరి బిడ్డవో, చల్లగా ఉండు నాయనా" అనేది. ఆవిడకూ తెలుసు. ఆవిడా చెప్పలేదు. అమ్మ పోయిన ఏడు అతను పొద్దుగుంకేదాకా గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

రొసెండా పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు. ఒకటి రెండు మంచివే వచ్చాయి, పెళ్ళయితే ఈ ఇల్లు వదలాలి, వదిలితే ఆ గేటు దగ్గర ఎవరుంటారు? ఒకసారి లుసేనా వెళ్ళి రేవంతా తిరిగి అడిగింది. పడవల మీద పనిచేసేవాడు ఏ రేవులో ఉంటాడో ఎవరికి తెలుసు, ఎండదెబ్బ తగిలి తిరిగొచ్చింది. ఏడాదికి మూడువందల అరవై నాలుగు రోజులు ఒక్క రోజుకోసం ఎదురుచూడటం అలవాటైపోయింది.

ఆమె అడిగేదీ పెద్దదేం కాదు. తను చేసిన తప్పు ఒప్పుకోవాలి. ఆ చెక్క వెనకనుంచి ఒక్కసారి 'అక్కా' అని వినబడాలి. ఊరంతా టీచరంటుంది, మేడమంటుంది. అక్కా అని పిలిచే మనిషి ఒక్కడే. ఆ గొంతు ఎలా ఉండేదో ఈమధ్య సరిగ్గా గుర్తురావడంలేదు, ఆ భయమే ఆమెను తినేస్తోంది. నడకలు దాచుకున్న మనిషి గొంతు దాచుకోలేకపోయింది.

అయిదేళ్ళనుంచి సైనికుడు బాగా చిక్కాడు. భుజాలు సన్నబడ్డాయి. ఎత్తు కూడా ఒక అంగుళం తగ్గినట్టుంది. వయసు మీదపడుతోంది కదా అనుకుంది. కాలు మాత్రం అదే కాలు, బయటి అంచు, ఆలస్యంగా దిగే మడమ. ఊళ్ళో ఎవడు కొంచెం తేడాగా నడిచినా పసిగట్టే మనిషి, ఇక్కడ మాత్రం తనకు కావలసిందే చూసింది.

ఈసారి బుధవారమే అతను కనబడ్డాడు. వంతెన దగ్గర పదిమంది మోరియన్లు గోల చేస్తూ వెళుతుంటే వాళ్ళకు వెనకగా, విడిగా వస్తున్నాడు. కుడి మడమ ఎప్పటిలాగే ఆలస్యంగా దిగుతోంది, కానీ కాళ్ళు ఎడంగా పడుతున్నాయి. ఒళ్ళు వెనక్కి వాలుతోంది. పదడుగులు వేసి ఆగుతున్నాడు, నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకుంటున్నాడు, మళ్ళీ పదడుగులు. గుడ్డల కింద పొట్ట ఎత్తుగా ఉంది.

"నీరు పట్టింది ఇపాంగ్. గుండో, మూత్రపిండాలో. నేను పిల్లలకు చెప్పే గుర్తులన్నీ ఉన్నాయి" అంది ఇంటికొచ్చి.

ఇపాంగ్ పక్కింటి విధవరాలు, కూరగాయలమ్ముతుంది. నోటికీ మనసుకీ మధ్య తలుపు లేని మనిషి. "ఎవరికి పట్టింది నీరు?"

"ఎవరికో. ఒక సైనికుడికి."

"అబ్బో, ఎవరికో! ముప్ఫై ఏళ్ళుగా ఆ కూజా ఎవరికోసం పెడుతున్నావో ఈ వీధిలో కుక్కలకు కూడా తెలుసు. దాస్తున్నాననుకుంటున్నది నువ్వొక్కదానివే. పిలిచి లోపల కూర్చోబెట్టవే! మాట్లాడితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"మొక్కు చెడుతుందే."

"మనిషే చెడుతుంటే మొక్కేం చేసుకుంటావు?"

ఒంట్లో బాగాలేకపోతే దాచకండి, పెద్దవాళ్ళకు చెప్పండి, సిగ్గుపడకండి అని ముప్ఫై అయిదేళ్ళుగా ఊరి పిల్లలకు నూరిపోసిన మనిషి, తన తమ్ముడు కళ్ళముందు ఊపిరాడక నిలబడితే మాట్లాడకుండా చూస్తోంది. పిలిస్తే మొక్కు పోతుంది, మొక్కుతోపాటు వాడూ రావడం మానేస్తాడు. పిలవకపోతే వచ్చే ఏడు వాడే ఉండడేమో. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు.

గుడ్ ఫ్రైడే పొద్దున ఒక ఉపాయం తట్టింది. పేరు అడగకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. చెయ్యి చూడకూడదని ఎవరన్నారు? కూజా పక్కన ఓ కుర్చీ వేసింది, మరో కుర్చీ మీద బళ్ళోనుంచి అడిగి తెచ్చుకున్న బీపీ మిషనూ, ఆటల గడియారమూ పెట్టింది. అల్లం కషాయం కాచింది, కొబ్బరిపాల పాయసం వండింది. చర్చిలో శ్రమల పాట మైకులోంచి సాగుతోంది. వీధి నిండా పిల్లల కేకలు. రెండు దాటింది, రెండున్నర దాటింది. గేటుకీ వంటింటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు.

మూడు కావస్తుండగా నీలం తురాయి సందు మొదట్లో కనబడింది. గేటు దాకా రావడానికి నాలుగుసార్లు ఆగింది. కత్తితో మూడుసార్లు కొట్టాలి, రెండే కొట్టింది.

"సైనికుడా, లోపలికి రా" అంది రొసెండా గేటు తీసి. "నీడలో కూర్చో. పేరడగను. మొహం చూడను. నేను ఆరోగ్యం పాఠం చెప్పే టీచర్ని, నాడి చూస్తాను, అంతే. నాడికి పేరుండదు కదా. చెయ్యి ఇలా ఇయ్యి."

చెక్క మొహం కదల్లేదు.

"ఇయ్యి నాయనా. ఈ ఒక్కసారి నా మాట విను. నిన్ను అలా చూడలేకపోతున్నాను. నేను చేసిన పాపానికి నువ్విన్నేళ్ళు..." కళ్ళు తుడుచుకుంది.

సైనికుడు మెల్లగా లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక కుడిచెయ్యి చాచాడు. రొసెండా తొడుగు లాగింది. మణికట్టు పట్టుకుని గడియారం నొక్కింది. ఒకటి, రెండు, మూడు... చాలా వేగంగా కొట్టుకుంటోంది. ఇరవై దాకా లెక్కపెట్టి ఆగిపోయింది.

ఆ చెయ్యి పడవ తాళ్ళు లాగిన చెయ్యి కాదు. సన్నగా ఉంది, మెత్తగా ఉంది. వేళ్ళమీద ముడతలు లేవు. చిటికెన వేలి గోటికి గులాబీ రంగు కొంచెం మిగిలి ఉంది.

మణికట్టు వదిలేసి లేచి నిలబడింది. "ఎవరే నువ్వు? మావాడి నడక ఎక్కడ దొంగిలించావ్?"

సైనికుడు రెండుచేతులా చెక్క మొహం పైకెత్తి తీసేశాడు. లోపల ఇరవై ఆరేళ్ళ పిల్ల. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుపోయింది, మొహమంతా ఎర్రగా కంది ఉంది. "దొంగిలించలేదు అత్తయ్యా. నాన్నే ఇచ్చాడు" అంది.

చర్చిలో పాట సాగుతూనే ఉంది. రొసెండా ఆ పిల్ల మొహం చూసింది, గుడ్డలకింద ఎత్తుగా ఉన్న పొట్ట చూసింది. అప్పుడర్థమైంది. తిడుతున్నట్టే అడిగింది. "ఎన్నో నెల?"

"ఏడు."

"ఏడో నెలలో ఈ ఎండలో నెత్తిన ఈ చెక్క పెట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడుస్తావా? నీకు బుద్ధుందా? నీ మొగుడికి బుద్ధుందా? కాళ్ళు చాపు. ముందు నీళ్ళు తాగు. గటగటా కాదు, కొంచెం కొంచెం."

"మా ఆయన వద్దని మొత్తుకున్నాడు. రేవులో కూర్చుని ఉన్నాడు పాపం. నాన్నకు మాటిచ్చాను కదా అత్తయ్యా." ఆ పిల్ల నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. పేరు రియాలిన్ అని చెప్పింది. మరి మీ నాన్నేడీ అని రొసెండా అడగలేదు. ఆ పిల్లే చెప్పాలి, చెప్పకపోతే ఇంకాసేపు బాగుండును అన్నట్టు విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

"షుగరొచ్చింది అత్తయ్యా. చూపించుకోమంటే వినేవాడు కాదు. కాలికి పుండు పడి మానలేదు. ఆ కుడికాలే తీసేశారు." రియాలిన్ తల వంచుకుంది. "ఆ ఏడు పవిత్ర వారం దగ్గరపడుతుంటే మంచంమీద ఒకటే అలజడి. అక్క కూజా పెట్టుకుని చూస్తూ ఉంటుంది, నేను వెళ్ళాలి అంటాడు. నేను వెళతాలే నాన్నా అన్నాను. నీ నడకతో వెళితే రెండో అడుగుకే పట్టేస్తుంది, మా అక్కంటే ఏమనుకున్నావ్ అన్నాడు. రెండు నెలలు నేర్పించాడు. తను మంచంమీద కూర్చుని కర్రతో నేల మీద కొట్టేవాడు, నేను గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. పాదం అంచు, అంచు, మడమ తొందరపడకు, మళ్ళీ నడువు. ఏడిస్తే తిట్టేవాడు."

రొసెండా విసనకర్ర ఆగిపోయింది.

"మొదటిసారి వచ్చి వెళ్ళాక చెప్పాను, అత్తయ్య గుర్తుపట్టలేదు నాన్నా అని. గెలిచామే అని పగలబడి నవ్వాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. ఆ వానల్లోనే పోయాడు."

"అంటే మొదటిసారి నువ్వు వచ్చినప్పుడు..." రొసెండా విసనకర్ర కింద పెట్టేసింది. "అప్పటికి వాడు బతికే ఉన్నాడు. రేవు దాటితే ఉన్నాడు."

"ఉన్నాడు అత్తయ్యా."

"మీ తాత పోయాకైనా మాట్లాడవచ్చు కదా! నేనేమన్నా కాదన్నానా?"

"నేనూ అదే అడిగాను. ఇన్నేళ్ళు మాట్లాడనివాణ్ణి, ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని మాట్లాడనే అనేవాడు. వచ్చే ఏడు తప్పకుండా అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట."

రొసెండా, అడగాలని ముప్ఫై అయిదేళ్ళుగా దాచుకున్నది అడిగింది. అడగవలసిన మనిషిని కాదు. "నా మీద కోపంగా ఉండేవాడా?"

రియాలిన్ తెల్లబోయి చూసింది. "మీ మీదా? పడవలో కొత్తవాడు ఎవడొచ్చినా ముందు మీ కథే చెప్పేవాడు. చెక్క మొహం పెట్టుకుని నూరుమందిలో నిలబడితే మా అక్క కాలు చూసి పట్టేసిందిరా, అలాంటి అక్క మీకెవరికైనా ఉందా అని. మా అమ్మకు విని విని విసుగొచ్చేది. కోపమంతా తాతయ్య మీదే. మిగిలిన మొక్కు నాలుగేళ్ళలో తీరిపోయింది అత్తయ్యా. ఆ తర్వాత వచ్చిందంతా మిమ్మల్ని చూడటానికే. ఆ బిస్కెట్లు ఇంటికి తెచ్చి తలా ఒకటి పెట్టేవాడు, మీ అత్త చేసిందని. నేను పోయానని చెప్పకు, మా అక్కకు ఏడాదికి ఆ ఒక్కరోజే ఉంది అన్నాడు."

ఇపాంగ్ గోడవతలనుంచి తొంగిచూసి, ఏదో అనబోయి, మొదటిసారిగా నోరు మూసుకుని వెళ్ళిపోయింది. రొసెండా గిన్నెలో పాయసం పోసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. తింటున్నంతసేపూ పక్కనే కూర్చుని మొహంలో వెతికింది. కళ్ళు తల్లివి కాబోలు. చెవులు మాత్రం ఎతోంగ్‌వే. కన్నీళ్ళు రాలేదు. పోయాడని చెవులు విన్నాయి, లోపల ఇంకా ఏదో నమ్మడంలేదు. అయిదేళ్ళుగా తన గేటు ముందు నడిచినవాడు ఎలా పోతాడు?

గిన్నె కింద పెట్టాక, "లే" అంది. "నడిచి చూపించు."

"నాన్నలాగానా?"

"కాదు. వాడిది చాలు. నీ నడక."

రియాలిన్ కుర్చీ పట్టుకుని లేచింది. చెక్క మొహాన్ని చంకలో పెట్టుకుని, నడుంమీద చెయ్యి ఆన్చుకుని, గేటుదాకా నడిచింది. వెనక్కి తిరిగి వచ్చింది. కాళ్ళు ఎడంగా, బరువుగా, అందరు గర్భిణులూ వేసే అడుగులే. రొసెండా చూపు కుడిపాదం మీదే ఉంది. అది అరికాలు మొత్తం ఆన్చి తిన్నగా పడింది. మడమ వేళకే దిగింది. మళ్ళీ పడింది, మళ్ళీ తిన్నగానే పడింది.

ఆ తిన్నని అడుగుల్లో తమ్ముడు పోయాడు. రొసెండా గేటు ఊచలు పట్టుకుని, వీధిలో వెళుతున్న సైనికులందరూ ఆగి చూస్తుండగా, ముప్ఫై అయిదేళ్ళుగా నోట్లోనే మింగుతూ వచ్చిన పేరును గొంతెత్తి పిలిచింది. "ఎతోంగ్! ఒరేయ్ ఎతోంగ్!"